స్పెయిన్‌లో ఆరు రాత్రులు: ద్వారకానగర్‌లో కొన్న ప్రయాణ పట్టికపై సమీక్ష

విశాఖ ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసువారు విదేశీ ప్రయాణాలకు రెండు రకాల సేవలు అమ్ముతున్నారు. మొదటిది అందరికీ తెలిసినదే: నలభైమందిని ఒక బస్సులో ఎక్కించి, ముందు జెండా పట్టుకొన్న మనిషిని నడిపించి, మధ్యాహ్నానికి ఎక్కడో ఒకచోట పప్పన్నం పెట్టించే గుంపు యాత్ర. రెండవది ఈమధ్య మొదలుపెట్టినది. విమానం టికెట్లు, గదులు, వీసా కాగితాలు వారు చూస్తారు. దిగిన తరువాత మెట్రో, సిటీ బస్సు, రైలు పట్టుకొని మనమే తిరగాలి. ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలన్నది మాత్రం ముందుగానే రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఒక పుస్తకంగా చేతికి ఇస్తారు. నేను, నా భార్య, మోకాళ్ళ నొప్పితో మెట్లంటే భయపడే మా అక్కయ్య, ముగ్గురం దసరా సెలవుల్లో ఈ రెండవ సేవ తీసుకొని బార్సిలోనా, మాడ్రిడ్ నగరాలు చూసి వచ్చాము. పట్టికకూ వీసా దస్త్రానికీ కలిపి మనిషికి ఆరువేల రూపాయలు పుచ్చుకొన్నారు. ప్రయాణ ఖర్చులు వేరు. ఇటువంటి పట్టికలు మన ఊళ్ళో ఇప్పుడు నాలుగైదు చోట్ల అమ్ముతున్నారు కనుక, మాకు ఎదురైన లోపాలు ఒక్క ఆఫీసుకే పరిమితమని నేను అనుకోవడం లేదు. అందుచేత పేరు రాయడం లేదు.

నేను కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. పాత ప్రతులను పక్కపక్కన పెట్టుకొని, ఏది ముందుది, ఏది వెనుకది, లేఖకుడు ఎక్కడ కునుకు తీశాడు అని వెతకడం నా వృత్తిలో ఒక భాగం. ఈ స్పైరల్ పుస్తకాన్ని కూడా చివరికి అదే కన్నుతో చదవవలసి వస్తుందని కొన్ననాడు ఊహించలేదు.

మొదట మెచ్చుకోవలసినవి మెచ్చుకోవాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంగెన్ వీసా విషయంలో వారి పనికి వంక పెట్టడానికి లేదు. పెద్దవారికి వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. అంతకు ముందు 80 ఉండేది. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు గాని, పదిహేను రోజుల కంటే తక్కువ వ్యవధి ఉండగా గాని దరఖాస్తు పెట్టకూడదు. రెండు మూడు షెంగెన్ దేశాలకు వెళ్ళదలచినవారు ఎక్కువ రోజులు ఉండే దేశం ద్వారానే అడగాలి. ఈ నియమాలన్నీ వారు మాకు అర్థమయ్యేటట్లు చెప్పడమే కాకుండా, అక్కయ్య పింఛను కాగితాల దగ్గర నుంచి మా కళాశాలవారిచ్చిన సెలవు ఉత్తర్వు వరకు ప్రతి పత్రాన్నీ వరుస తప్పకుండా కూర్చి ఇచ్చారు. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్ వెళ్ళిన రోజున మమ్మల్ని ఒక్క కాగితం కూడా అదనంగా అడగలేదు.

ఇంకొక మంచి సలహా కూడా వారిదే. విశాఖ నుంచి ఐరోపాకు నేరుగా విమానం లేదు కనుక ఎలాగూ మధ్యలో ఒకటి రెండు చోట్ల మారవలసిందే. అటువంటప్పుడు బార్సిలోనాలో దిగి, మాడ్రిడ్‌లో తిరుగు విమానం ఎక్కితే, దిగిన ఊరికే మళ్ళీ వెనక్కి వెళ్ళే ఒక పూట ప్రయాణం మిగులుతుందని చెప్పి, టికెట్లు ఆ విధంగా తీశారు. గదులు కూడా బార్సిలోనాలో సాంత్స్ రైల్వే స్టేషన్ పక్కన, మాడ్రిడ్‌లో ఆతోచా స్టేషన్ పక్కన చూసిపెట్టారు. ఊరి నడిబొడ్డున ఉండాలని ఉబలాటపడే మాబోటివారికి స్టేషన్ పక్క గది మొదట రుచించలేదు గాని, పెట్టెలతో, మోకాళ్ళ నొప్పితో తిరిగిన తరువాత ఆ ఎంపిక విలువ తెలిసింది.

తగాదా పట్టిక దగ్గర మొదలైంది. వారు తయారుచేసిన మొదటి ప్రతిలో ఆరు రాత్రులకు మూడు ఊళ్ళు ఉన్నాయి: బార్సిలోనా, మాడ్రిడ్, సెవిల్. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు రైలులో సుమారు రెండున్నర గంటలు. స్పెయిన్‌లో మొట్టమొదటి హైస్పీడ్ మార్గం అదే. సెవిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగిన 1992లో ప్రారంభమైంది. పట్టిక రాసిన కుర్రవాడు "సార్, రెండున్నర గంటలే కదా, పొద్దున వెళ్ళి సెటిల్ అయిపోవచ్చు" అన్నాడు. "బాబూ, కాంప్లెక్స్ నుంచి సింహాచలం ఎంతసేపు అని అడిగితే బస్సులో కూర్చున్న సమయం ఒక్కటే చెబుతావా, కొండ మీద వరుసలో నిలబడినది లెక్కలోకి రాదా?" అని అడగవలసి వచ్చింది. ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, స్టేషన్‌కు చేరడం, సామాను తనిఖీ, అవతల దిగి కొత్త గది ఇచ్చేదాకా పెట్టెలు పట్టుకొని తిరగడం, అన్నీ కలిపి అర రోజు తినేస్తాయి. ఆరు రాత్రుల ప్రయాణంలో అర రోజు చిన్న విషయం కాదు. సెవిల్ తీసివేయించాము. కుర్రవాడు కొంచెం చిన్నబుచ్చుకొన్నాడు గాని మారు మాట్లాడకుండా దిద్దాడు.

బార్సిలోనా విమానాశ్రయంలో మేము దిగింది టెర్మినల్ 1. ఊళ్ళోకి రోడాలీస్ అనే లోకల్ రైలు ఎక్కి నేరుగా సాంత్స్‌లో దిగండి అని పట్టికలో ఉన్నది. మా గదికి నిజంగా అంతకంటే మంచి దారి లేదు. అయితే ఆ రైలు స్టేషన్ టెర్మినల్ 2 దగ్గర ఉన్నదని, రెండు టెర్మినళ్ళ మధ్య ఉచిత బస్సు తిరుగుతుందని రాయలేదు. రైలు గుర్తు కోసం టెర్మినల్ 1లో చాలాసేపు వెతికిన తరువాత ఈ సంగతి తెలిసింది. రైలు అరగంటకు ఒకటి ఉంటుంది. ఒకటి తప్పితే బల్ల మీద కూర్చొని ఎదురుచూడాలి. ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా కాతలూన్యా కూడలి దగ్గర దిగేవారికైతే రెండు టెర్మినళ్ళ నుంచీ బయలుదేరే ఏరోబుస్ అనే బస్సు సుఖం.

ఇక టికెట్టు యంత్రం ముందు అసలు చిక్కు వచ్చింది. "టీ-10 అనే పది ప్రయాణాల కార్డు ఒకటి కొని ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు వాడుకోండి" అని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. యంత్రం తెరపై ఆ పేరే లేదు. అక్కడ ఉన్న ఉద్యోగిని ఒకామె మా పుస్తకంలోని అక్షరాలు చూసి నవ్వి, ఓపికగా చెప్పింది: ఆ కార్డు 2019తో ఆగిపోయింది, 2020 నుంచి దాని స్థానంలో టీ-కాజువల్ వచ్చింది, అందులోనూ పది ప్రయాణాలే ఉంటాయి గాని ఒక కార్డును ఒక్క మనిషే వాడాలి. నలుగురు కలిసి వాడుకోదలచినవారికి ముప్ఫై రోజులు చెల్లే ఎనిమిది ప్రయాణాల టీ-ఫమిలియార్ వేరే ఉన్నది. మూడు రోజులకు మాకు మనిషికొక టీ-కాజువల్ తగినదని లెక్కవేసి మూడు కొన్నాము. ఒక్కొక్కరికి ఒక ప్రయాణం మిగిలింది. ఒకసారి కార్డు చూపిన తరువాత గంటంపావులోగా మెట్రో నుంచి బస్సుకు, బస్సు నుంచి లోకల్ రైలుకు మారితే అదంతా ఒకే ప్రయాణం కింద వస్తుంది. విమానాశ్రయం రైలుకు ఈ కార్డు చెల్లుతుంది. విమానాశ్రయానికి వెళ్ళే తొమ్మిదవ నంబరు మెట్రోకు మాత్రం చెల్లదు. దానికి వేరే టికెట్టు కొనాలి. ఈ తేడా తెలియక ఆ మెట్రో గేటు దగ్గర నిలబడిపోయేవారు చాలామంది ఉంటారు. ఆరువేలు పుచ్చుకొన్నవారు రాయవలసినది ఇటువంటి సంగతులే.

ఆ రాత్రి గదిలో కూర్చొని పుస్తకాన్ని మొదటి నుంచీ మళ్ళీ చదివాను. మాడ్రిడ్ భాగంలో మ్యూజియముల దగ్గరి మెట్రో స్టేషన్‌ను "ఆతోచా" అని రాశారు. ఆ స్టేషన్ పేరు 2018లో "ఎస్తాసియోన్ దెల్ ఆర్తే", అంటే కళల స్టేషన్, అని మారింది. బార్సిలోనా నుంచి మాడ్రిడ్‌కు రైళ్ళు నడిపేది ప్రభుత్వ సంస్థ రెన్‌ఫే ఒక్కటే అని రాశారు. 2021 మేలో విగో, 2022 నవంబరులో ఇర్యో అనే సంస్థలు కూడా అదే పట్టాల మీద పోటీకి దిగాయి. చిత్రమేమంటే మాకు కొన్న టికెట్టు ఈ కొత్త రైళ్ళలో ఒకదానిది. అంటే టికెట్లు కొన్న చెయ్యి పుస్తకం రాసిన చెయ్యి కాదు. కాలనిర్ణయం కష్టం కాలేదు. ఈ పట్టికకు మూలప్రతి 2018కో అంతకు ముందుకో చెందినది. ఎవరో వెళ్ళివచ్చిన మనిషి శ్రద్ధగానే రాసుకొన్న దినచర్య అది; తరువాతి లేఖకులు తేదీలు మార్చి, మనుషుల సంఖ్య మార్చి, మిగిలినదంతా చూచివ్రాతగా దించుతూ వచ్చారు. నా దగ్గర ఎర్ర సిరా కలం ఉంది. అప్పటినుంచి ప్రతి రాత్రీ మరుసటి రోజు పేజీలు దిద్దడం నా పని అయింది.

మరునాడు సగ్రాద ఫమీలియా చర్చికి వెళ్ళడానికి పుస్తకం చూపిన దారి ఇది: సాంత్స్‌లో మూడవ నంబరు మెట్రో ఎక్కి, పాసేజ్ దె గ్రాసియాలో దిగి, రెండవ నంబరుకు మారాలి. ఆ స్టేషన్‌లో మూడవ నంబరు నుంచి రెండవ నంబరుకు పోయే సొరంగపు నడవ అంతూ పొంతూ లేనంత పొడవు. అక్కయ్యను అందులో నడిపిస్తే ఆ రోజుకు యాత్ర సమాప్తం. గోడ మీది పటంలో చూస్తే సాంత్స్ నుంచి అయిదవ నంబరు మెట్రో ఎక్కడా మారనక్కరలేకుండా అయిదవ స్టాపులో సగ్రాద ఫమీలియా దగ్గరే దింపుతున్నది. పుస్తకం తప్పు చెప్పలేదు; ఆ దారిన కూడా పోవచ్చు. మూలప్రతి రాసినాయన బహుశా మరొక పేటలో బస చేసి ఉంటాడు, లేదా ఆయన మోకాళ్ళు బాగుండి ఉంటాయి.

బార్సిలోనా మెట్రో 1924 చివరిలో మొదలైంది. చాలా స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి గాని అన్నిటిలోనూ లేవు. పటంలో చక్రాల కుర్చీ గుర్తు ఉన్న స్టేషన్లనే ఎంచుకొని దారి వేసుకోవాలి. పాత రైళ్ళలో తలుపు దానంతట అది తెరుచుకోదు, మీట ఎత్తాలి. మొదటిసారి మేము తలుపు ముందు భక్తిగా నిలబడి ఉండగానే రైలు కదిలిపోయింది. జేబుదొంగల గురించి అందరూ హెచ్చరిస్తారు, ఆ హెచ్చరిక వృథా కాదు. సంచీ వీపున కాకుండా పొట్ట మీద వేసుకొంటే చాలు. శని, ఆదివారాల మధ్య రాత్రంతా మెట్రో నడుస్తూనే ఉంటుంది. మెట్రో ఇంకా రావలసి ఉన్న ఊరి నుంచి వెళ్ళినవాళ్ళం కనుక మాకు ఇదంతా కొంచెం ఎక్కువగానే ముచ్చటగా తోచి ఉండవచ్చు.

సగ్రాద ఫమీలియా నిర్మాణం 1882లో మొదలైంది, మరుసటి సంవత్సరం ఆంతోని గౌడి అనే వాస్తుశిల్పి చేతికి వచ్చింది. ఆయన 1926 జూన్ 7న వీధి దాటుతూ ట్రాము తగిలి పడిపోయాడు. చిరిగిన బట్టలు చూసి బిచ్చగాడు అనుకొన్నారట. మూడు రోజులకు పోయాడు. సమాధి ఆ చర్చి నేలమాళిగలోనే ఉంది. ప్రజా రవాణా గురించి రాస్తున్న సమీక్షలో ఈ ముక్క వదిలిపెట్టలేకపోయాను. ప్రవేశ టికెట్లు గంటల వారీగా ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. అవి ఆఫీసువారు సరైన సమయానికి కొనిపెట్టారు, అందుకు వారికి ధన్యవాదాలు.

పార్క్ గుయెల్ దగ్గర మాత్రం మెచ్చుకోలేను. అది కొండ వాలున ఉన్న ఉద్యానవనం. "మూడవ నంబరు మెట్రోలో లెసెప్స్‌లో దిగి నడవండి, దగ్గరే" అని పుస్తకం అంటుంది. దగ్గరే కావచ్చు, కాని ఆ దగ్గర అంతా ఎగువకే. కైలాసగిరికి కింద నుంచి మెట్లెక్కి వెళ్ళమని డెబ్బైకి దగ్గరపడిన మనిషికి చెప్పడం వంటిది. ఊరి మధ్య నుంచి 24వ నంబరు సిటీ బస్సు ఎక్కితే తూర్పు ద్వారం పక్కనే దింపుతుంది, మెట్లు ఎక్కవలసిన పని చాలావరకు తప్పుతుంది. మేము ఎర్ర సిరాతో దిద్దుకొన్న తరువాత అలాగే వెళ్ళాము. అక్కడే 116వ నంబరు అనే బుల్లి బస్సు కూడా ఒకటి తిరుగుతుంది. పర్యాటకులు అందులో కిక్కిరిసిపోయి, ఆ పేట ముసలివాళ్ళకు ఇంటికి చేరడానికే చోటు దొరక్కుండా పోవడంతో, పేటవాసులు మొరపెట్టుకొన్న మీదట 2024లో ఆ బస్సు మార్గాన్ని గూగుల్ మ్యాప్స్ నుంచి నగరపాలకులు తీసివేయించారు. ఈ సంగతి చెప్పగానే మా అక్కయ్య "పాపం, మంచి పని చేశారు" అన్నది; ఖాళీగా కనిపించినా ఆ బస్సు ఎక్కడానికి ఒప్పుకోలేదు.

మోన్‌జుయిక్ కొండకు పారలెల్ స్టేషన్ నుంచి భూగర్భంలోనే పట్టాల మీద ఎక్కే ఫునికులార్ మెట్రో టికెట్టులోనే కలిసి ఉంటుంది. దాని పైన ఆకాశంలో తీగల మీద వెళ్ళే బండికి మాత్రం వేరే డబ్బు కట్టాలి. మన కైలాసగిరి రోప్‌వే ఎక్కినవారికి అది కొత్తగా అనిపించదు, మేము ఎక్కలేదు.

నాలుగవ రోజు పొద్దున మాడ్రిడ్ రైలు. ఆ దూరం 620 కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా ఆగని రైలుకు రెండున్నర గంటలు పడుతుంది. మన వందే భారత్ విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో వెళుతుంది. అది ఎక్కి "ఎంత వేగం" అని సంబరపడిన మనిషిని నేను. బార్సిలోనా, మాడ్రిడ్‌ల మధ్య హైస్పీడ్ మార్గం పూర్తిగా తెరిచింది 2008లో. రెన్‌ఫే హైస్పీడ్ రైలును ఆవే అంటారు. అది మూడు మాటల పొడి అక్షరాలే గాని, స్పానిష్‌లో ఆ మాటకు పక్షి అని అర్థం. రైల్వే విషయాలంటే ఆసక్తి ఉన్నవారికి మరొక చిన్న సంగతి. స్పెయిన్ పాత రైలు పట్టాల మధ్య వెడల్పు 1668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676. ఎనిమిది మిల్లీమీటర్ల తేడాతో వారివీ మనవీ అన్నదమ్ముల వరుస. హైస్పీడ్ పట్టాలు మాత్రం మిగతా ఐరోపాతో కలవడానికి 1435 మిల్లీమీటర్లకే వేసుకొన్నారు.

ఎక్కే ముందు సామాను మొత్తం విమానాశ్రయంలోలాగే స్కానర్‌లో పెట్టాలి, రైలు కదలడానికి రెండు నిమిషాల ముందే గేటు మూసివేస్తారు. కదులుతున్న రైలు పెట్టెలోకి దూకడం వంటి మన విద్యలేవీ అక్కడ సాగవు. అరగంట ముందు స్టేషన్‌లో ఉండాలి. మా టికెట్టు చవకది. చవక టికెట్టులో ఒక చిన్న పెట్టె, ఒక చేతిసంచీ మాత్రమే కలిసి ఉంటాయని, పెద్ద పెట్టెకు ముందుగానే అదనంగా కట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. మా ముగ్గురివీ పెద్ద పెట్టెలే. స్టేషన్‌లో కట్టిన మొత్తంతో ఆ టికెట్టు చవకతనం కాస్తా పోయింది. టికెట్టు ధర చూసినవారు దాని కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చూసి ఉండవలసింది. ఈ ఒక్క పొరపాటుకు మాత్రం పాతప్రతిని నిందించలేను. ఇది కొత్త చేతి పొరపాటు.

ఆతోచా స్టేషన్‌లో దిగగానే నోరు తెరుచుకొని నిలబడ్డాము. 1892 నాటి ఇనుప కప్పు కింద, ఒకప్పుడు రైళ్ళు ఆగిన చోట, 1992 నుంచి ఉష్ణమండలపు తోట పెంచుతున్నారు. విశాఖ ఉక్కపోతను అక్కడికి తెచ్చినట్లే ఉంటుంది. మా గది అక్కడికి నాలుగు అడుగులు.

మాడ్రిడ్ మెట్రో నాకు బార్సిలోనా మెట్రో కంటే ఎక్కువ నచ్చింది. 1919 అక్టోబరు 17న సోల్ నుంచి క్వాత్రో కామినోస్ వరకు ఎనిమిది స్టేషన్లతో మొదలైంది. రైళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి. ఆ రోజుల్లో మాడ్రిడ్ వీధుల్లో బళ్ళు కూడా ఎడమనే నడిచేవి, 1924లో వీధులు కుడికి మారాయి గాని భూగర్భం మారలేదు. మనకు కాబట్టి రైలు వచ్చే దిక్కు వెతుక్కోనక్కరలేదు. ఒకటవ నంబరు మార్గంలోనే చంబెరీ అని ఒక స్టేషన్ ఉండేది. రైళ్ళ పొడవు పెంచినప్పుడు, వంపులో ఉన్న ఆ ప్లాట్‌ఫారాన్ని పొడిగించడానికి వీలుకాక 1966లో మూసివేశారు. పాత పలకల ప్రకటనలతో సహా ఉన్నదున్నట్లు బాగుచేసి 2008లో మ్యూజియంగా తెరిచారు. ప్రవేశ రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మూతపడిన స్టేషన్‌లో నిలబడి ఉండగా పక్క నుంచి ఇప్పటి రైళ్ళు దూసుకుపోతూ ఉంటాయి. మా పుస్తకంలో దీని ఊసే లేదు. ఊరంతటిలో నా మనసుకు పట్టినది ఇదే.

మాడ్రిడ్‌లో మొదట రెండున్నర యూరోలకు మూల్తీ అనే ఎర్ర కార్డు కొని, అందులో పది ప్రయాణాలు నింపుకోవాలి. ఇక్కడ ఆ పదింటినీ ఎంతమందైనా పంచుకోవచ్చు. ఒకరు గేటు దాటి కార్డు వెనుకవారికి అందిస్తే సరిపోతుంది. పుస్తకం బార్సిలోనాకు చెప్పిన మాట మాడ్రిడ్‌లో నిజమైంది. విమానాశ్రయం స్టేషన్లకు మనిషికి మూడు యూరోల అదనపు రుసుము ఉంటుంది. పది ప్రయాణాల టికెట్టులో అది కలిసి ఉండదు. మెట్రో రాత్రంతా తిరగదు కనుక, వేళగాని వేళ విమానం ఉన్నవారికి రాత్రింబవళ్ళు తిరిగే పసుపుపచ్చ విమానాశ్రయం బస్సు ఉన్నది. ఆతోచా నుంచి ఊరి మధ్యగా మోంక్లోవా వరకు 001 అనే బ్యాటరీ బస్సు ఎవరి దగ్గరా ఛార్జీ పుచ్చుకోకుండా తిరుగుతుంది. అక్కయ్యకు మాడ్రిడ్ అంటే ఇప్పటికీ ఆ బస్సే.

రెయినా సోఫియా మ్యూజియం మంగళవారం పెట్టారు. అది మంగళవారం సెలవు. నా భార్య బయలుదేరక ముందే ఇంట్లో ఈ తప్పు పట్టుకొని ఫోన్ చేస్తే, "మార్చేస్తాం మేడమ్" అన్నారు. చేతికి వచ్చిన పుస్తకంలో మాత్రం మంగళవారమే ఉంది. మూలప్రతిలో అది వేరే వారమై ఉంటుంది, తేదీలు జరిపినప్పుడు వారాలు చూసుకొని ఉండరు. మేము సోమవారం సాయంత్రమే వెళ్ళి, పికాసో 1937లో గీసిన గెర్నికా ముందు నిలబడ్డాము. సాయంత్రం ఏడు తరువాత అక్కడ ప్రవేశం ఉచితం. ప్రాదో మ్యూజియంలో కూడా సోమవారం నుంచి శనివారం వరకు ఆరు నుంచి ఎనిమిది దాకా ఉచితమే, కాని వరుస చాలా పొడుగు.

అన్నిటికంటే పెద్ద సాహసం అయిదవ రోజు పేజీలో ఉంది: ఉదయం టొలేదో, సాయంత్రం సెగోవియా. పటంలో రెండూ మాడ్రిడ్ పక్కనే. టొలేదోకు ఆతోచా నుంచి రైలులో 33 నిమిషాలు. సెగోవియాకు కూడా అరగంటే, కాని ఆ రైలు ఊరికి ఆ చివర ఉన్న చమర్తీన్ స్టేషన్‌లో ఎక్కాలి. పైగా సెగోవియా హైస్పీడ్ స్టేషన్ పొలాల మధ్య ఊరికి దూరంగా ఉన్నది. అక్కడ మళ్ళీ 11వ నంబరు బస్సు పట్టుకొంటే గాని రోమనుల నాటి నీటి వంతెన దగ్గరకు చేరలేము. రైలులో కూర్చొనే సమయం తక్కువే, అటూ ఇటూ అతుకులే ఎక్కువ. భీమిలి, అరకు ఒకే రోజున చూపిస్తామన్నట్లు ఉంది. సెగోవియా కొట్టివేసి రోజంతా టొలేదోకే ఇచ్చాము. ఆ రైళ్ళలో సీట్లు నంబర్ల ప్రకారమే ఇస్తారు, సెలవు రోజుల్లో నిండిపోతాయి. తిరుగు టికెట్టు కూడా వెళ్ళే ముందే కొనడం మంచిది. స్టేషన్ భవనమే 1919 నాటి అందమైన అరబ్బు తరహా కట్టడం. అక్కడి నుంచి పాత ఊరి కూడలి సోకోదోవేర్‌కు సిటీ బస్సు ఉన్నది. ఊరు నది వంపులో కొండ మీద ఉన్నా, పక్కల నుంచి ఎస్కలేటర్లు పెట్టారు. అక్కయ్య ఒక్కసారి కూడా "ఇంకెంత దూరం" అని అడగని రోజు అదొక్కటే.

భోజనం గురించి ఆఫీసువారు రాసినది "శాకాహారం దొరుకుతుంది" అన్న ఒక్క వాక్యం. దొరుకుతుంది, కాని వారి వేళలకు. మధ్యాహ్నం భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిది తరువాత. మధ్యలో చాలా వంటశాలలు మూసే ఉంటాయి. బంగాళాదుంపల తోర్తియాలో గుడ్డు ఉంటుంది. మాంసం వద్దంటే చేప తెచ్చి పెట్టవచ్చు. టమాటా రుద్దిన రొట్టె, వేయించిన పాద్రోన్ మిరపకాయలు, ఎర్ర పులుసు పోసిన దుంపల ముక్కలు, చాక్లెట్‌లో ముంచుకొనే చురోలు, వీటితో మా పని జరిగిపోయింది. మిగిలినది అక్కయ్య తెచ్చిన కందిపొడి.

ప్రయాణంలో సందేహం వస్తే అడగడానికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. మర్యాదగానే జవాబులు ఇచ్చారు. అయితే అక్టోబరు చివరి ఆదివారం వరకు స్పెయిన్ మనకంటే మూడున్నర గంటలు, ఆ తరువాత నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. ద్వారకానగర్ ఆఫీసు రాత్రి ఏడింటికి మూసే సమయానికి అక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఇబ్బందులన్నీ వచ్చేది ఆ తరువాతనే. పెట్టెల రుసుము గురించి పొద్దున పెట్టిన ప్రశ్నకు పది నిమిషాల్లో జవాబు వచ్చింది. టొలేదో తిరుగు రైలు గురించి సాయంత్రం పెట్టినదానికి మరునాడు వచ్చింది, అప్పటికి మేము తిరిగి వచ్చి పడుకొని లేచాము కూడా.

వీసా దస్త్రం, విమానం, గదుల ఎంపిక, ఈ మూడింటికి నేను అయిదింటికి నాలుగున్నర ఇస్తాను. స్పైరల్ పుస్తకానికి ఒకటిన్నర; ఆ ఒకటిన్నర కూడా మూలప్రతి రాసిన అజ్ఞాత యాత్రికుడికి చెందాలి. ఇకముందు వెళితే వీసా పని వీరికే అప్పగిస్తాను, పట్టిక మాత్రం నేనే రాసుకొంటాను. కొనదలచినవారు డబ్బు కట్టక ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఈ పుస్తకాన్ని చివరిసారి ఏ నెలలో సరిచూశారు? మా గది దగ్గరి స్టేషన్ నుంచి దారి వేశారా, ఎవరో మునుపటివారి గది నుంచా? మా పెట్టెలు ఈ రైలు టికెట్టులో కలిశాయా?

తిరిగి వచ్చిన వారానికి ఎర్ర సిరాతో నిండిపోయిన పుస్తకాన్ని తీసుకువెళ్ళి ఆ కుర్రవాడి బల్ల మీద పెట్టాను. డబ్బు వాపసు అడుగుతానేమోనని అతడు ముందు కంగారుపడ్డాడు, తరువాత ఒక్కొక్క పేజీ తిప్పి, పార్క్ గుయెల్ దగ్గర ఆగి, "24 నంబరు బస్సు డైరెక్టుగా వెళ్తుందా సార్?" అని అడిగి, ఫోన్‌తో ఫొటో తీసుకొన్నాడు. పుస్తకం అక్కడే వదిలి వచ్చాను. ఆ ఆఫీసులో స్పెయిన్ పట్టిక కొనేవారు కొత్తది కాకుండా ఎర్ర సిరా ఉన్నది అడిగి తీసుకొనండి.